రెండో బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి మేనకోడలు పంతం పట్టి మేనమామ పరువు ఇంటర్నెట్లో పెట్టిందని మా వీధిలో ఇప్పుడు అనుకుంటున్నారు. అసలు ఆయనకి లైసెన్సే లేదట, ఆ సంగతి బయటపెట్టినందుకు పిల్లని ఇంట్లోంచి పొమ్మన్నాడట అని వెనక వీధిలో అనుకుంటున్నారు. ఆ కబురు తిరిగి తిరిగి నా దగ్గరికి చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచి, పిల్లకి స్కూలు మీద కన్నుందనీ, కారు తన పేర రాయించుకోవడానికే ఇదంతా చేసిందనీ తేలింది.

ముందు తేలికైనవి తేల్చేస్తాను. లైసెన్సు ఉంది. నేను అడిగి, చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఫొటోలో నిండా జుట్టుంది, ఇప్పుడు లేదు, అంతే తేడా. పిల్లని పొమ్మనలేదు. ఈ పొద్దున కూడా వాళ్ల డాబా మీద దాని బట్టలు ఆరుతున్నాయి. ఇక కారు మీద ఆశంటారా, ఆ కారు మీద ఎవరికైనా ఆశ పుట్టాలంటే ముందు దాన్ని చూసి ఉండకూడదు.

మిగిలింది పంతం సంగతి. అది ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి మొదట్నుంచి చెప్తాను. ఇంకో మాట. ఇది రాస్తానని ఇద్దరినీ అడిగాను, రాసిన కాగితాలు మాస్టారికి చదివి వినిపించాను. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు, ఒక్క ముక్క కూడా కొట్టెయ్యమనలేదు. అడక్కుండా రాస్తే ఏమవుతుందో మా వీధి వీధంతా చూసింది మరి.

మాస్టారి ఇల్లు మా ఇంటికి ఎదురు, కాస్త పక్కకి. వీధి వైపు గదే డ్రైవింగ్ స్కూలు. గోడల నిండా ఎర్ర వలయాల్లో బాణాలూ గీతలూ, మధ్యలో రోడ్డు బొమ్మ గీసిన బల్ల, దాని మీద తోసి చూపించడానికి చిన్నపిల్లల బొమ్మ కార్లు. వాటిలో ఒకదానికి చక్రం లేదు. అది ఎప్పుడూ తప్పు చేసే కారు. బయట నిలబడే అసలు కారుకి నెత్తిన బోర్డు, ఒంటి నిండా సొట్టలు. ప్రతి సొట్టకీ ఒక శిష్యుడో శిష్యురాలో ఉన్నారు. వెనక తలుపు మీద పొడుగాటి గీత మా పెద్ద కోడలిది.

ఆ కారులో మామూలు కారులో లేనిది ఒకటుంది. పక్క సీట్లో కూర్చున్న మనిషి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు. నేర్చుకునేవాళ్లు కంగారుపడి ఒకదానికి ఇంకోటి నొక్కితే, నేర్పేవాడు తన కాలితో బండి ఆపేయొచ్చు. మాస్టారి చోటు ఆ పక్క సీటే. బస్సు ఎదురొచ్చినా, కుక్క అడ్డొచ్చినా ఆయన నోట ఒకటే మాట, కంగారేం లేదమ్మా, నేనున్నాను అని. మా కోడలు చెప్పేది, ఆయన ఆ మాట ఎంత నెమ్మదిగా అంటే ప్రమాదం అంత దగ్గర్లో ఉన్నట్టట.

ఆయన భార్య నాకు సొంత చెల్లెలి లెక్క. కొన్నేళ్ల కిందట ఇద్దరూ కలిసి ఊరికి వెళ్లొస్తుంటే పెద్ద రోడ్డు మీద లారీ ఒకటి వచ్చి ఆమె కూర్చున్న వైపు కొట్టింది. ఆమె అక్కడే పోయింది. అప్పుడు బండి నడుపుతున్నది మాస్టారే. తప్పు లారీదేనని పోలీసులు తేల్చారు, ఆ లారీ డ్రైవరే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మాస్టారొక్కడే. అయినా మనిషి నిలదొక్కుకున్నాడు. ఈ పాత కారు కొన్నాడు, స్కూలు మళ్లీ తెరిచాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కారులోనే కనిపించేవాడు. హమ్మయ్య, గట్టివాడు అనుకున్నాం.

పొద్దున కారు గేటులోంచి బయటికి తీసేది మేనకోడలు. సాయంత్రం లోపల పెట్టేదీ అదే. చివరి శిష్యుడు ఆయన్ని గుమ్మం ముందు దింపి పోయేవాడు. మేనమామకి సాయం చేస్తోంది, బుద్ధిమంతురాలు అని మెచ్చుకున్నాం. అంతకు మించి నాకు తోచలేదు. ఎవరింట్లో ఏ పూట ఎవరు అలిగారో పొయ్యి చప్పుడుని బట్టి చెప్పగలిగిన నాకు, ఎదురింటి మనిషి ఏళ్ల తరబడి స్టీరింగ్ ముట్టుకోలేదని తోచలేదు. ఎలా తోస్తుంది? నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఆయన దాక్కోవడానికి ఆయన పనే చాలింది.

ఆ సంగతి తెలిసింది పిల్లకొక్కదానికే. కారు తీసి పెట్టడానికి ఆయనే దానికి నేర్పాడు. ఎవరితోనూ అనకు అని అడిగాడు. అది సరేనంది.

ఇప్పుడా పిల్ల సంగతి. మాస్టారి చెల్లెలి కూతురు. వాళ్ల అమ్మానాన్నలకి బదిలీల ఉద్యోగాలు, ఏటా బడి మారుతోందని అత్త తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకుంది. అత్త పోయినా అది ఇక్కడే ఉండిపోయింది. వీధిలో దాన్ని అచ్చుతప్పు అని పిలుస్తాం. దాని కంటికి ముందు కనబడేది అదే. కాలేజీ బస్సులో పోతూ పోతూ ఇస్త్రీ కొట్టు బోర్డు మీద దీర్ఘం లేదని కేక వేసి, సాయంత్రం దిగాక అతని దగ్గర రంగు డబ్బా అడిగి పుచ్చుకుని తనే పెట్టింది. పాల బూత్ అతను బోర్డు మీద తాజా పాలూ అని రాయించుకుంటే, పాలూ అంటున్నారు, ఇంకా ఏమేం తాజా బాబాయ్ అని అడిగింది. పాపం అతను లోపలికి వెళ్లి వెతికాడట.

కాలేజీలో అది చదివేది రాయడం. కథలూ అవీ రాయడం నేర్పుతారట. మొదట నేను నమ్మలేదు. రాయడం ఒకటో తరగతిలోనే నేర్పుతారు కదే, ఇంత వయసొచ్చాక మళ్లీ ఏంటి అన్నాను. అవి అక్షరాలు పెద్దమ్మా, ఇక్కడ చూడ్డం నేర్పుతారు అంది. చూడ్డమే చదువైతే నాకు ఈపాటికి పెద్ద డిగ్రీ వచ్చి ఉండాలి అన్నాను. నవ్వింది. అప్పట్లో అది బాగా నవ్వేది.

రాసేవాళ్లకి ఈ రోజుల్లో సొంత వెబ్‌సైటు ఉండాలని వాళ్ల టీచరు అన్నదట. దాంతో ఇది మందుల షాపు మేడ మీద కంప్యూటర్ సెంటర్లో వెబ్ డిజైను నేర్చుకోవడానికి చేరింది. అక్కడి మాస్టారు, అంటే కంప్యూటర్ మాస్టారు, ఒక షరతు పెట్టాడు. ముందు నిజంగా ఉన్న కొట్టుకో ఆఫీసుకో సైటు తయారుచెయ్యాలి, తర్వాతే ఎవరిది వాళ్లు. ఇంట్లోనే డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని ఇది ఇంకెక్కడికి పోతుంది?

ఆ ప్లాను వేసిన రోజులు ఎంత సందడిగా ఉండేవో. పెద్ద పెద్ద కాగితాలు స్కూలు గది గోడకి అంటించి, వాటి మీద పెన్సిలుతో పెట్టెలు గీసింది. ఒక్కో కాగితం ఒక్కో పేజీ. పైన అడ్డంగా ఒక పట్టీ, దాన్ని మెనూ అంటారంది. డ్రైవింగ్ స్కూల్లో టిఫిన్లు కూడా పెడతారా అన్నాను. కాదు పెద్దమ్మా, ఏ గదిలోకి వెళ్లాలో గుమ్మం దగ్గర రాసి పెట్టినట్టు అంది. అయితే ఇల్లు కట్టే ప్లానే కదా అన్నాను. అవునంది. అందుకని ఇంటికి చెప్పినట్టే నా సలహాలు చెప్పాను. వచ్చినవాళ్లు ముందు ఫోన్ నంబరు చూడాలి, వెతుక్కోకూడదు. మాస్టారి ఫొటో నవ్వుతున్నది పెట్టాలి. వీలైతే నాది కూడా.

మాస్టారికి ఒకే కోరిక. సైటు తెరవగానే హారన్ మోగాలి. అలా మోగితే జనం భయపడి మూసేస్తారు మావయ్యా అని ఇది, మోగకపోతే వచ్చారని ఎలా తెలుస్తుందని ఆయన. అత్త పోయాక ఆ ఇంట్లో అంత గట్టిగా మాటలు వినబడటం అదే మొదలు. నేను పనేమీ లేకపోయినా వెళ్లి కూర్చునేదాన్ని.

ఆ పెట్టెల్లోనే ఉంది అసలు సంగతి. సైటు కట్టేటప్పుడు పెట్టె ఎంత ఉండాలో, అక్షరాలు ఎంత పడతాయో తెలియడానికి ముందు ఏవో ఒకటి నింపి చూస్తారట. అసలు మాటలు తర్వాత వస్తాయి. వీటిని ఉత్తుత్తి మాటలు అనుకోండి. సెంటర్లో మిగతా పిల్లలు ఒకే అక్షరాన్ని వరసగా కొట్టి నింపేశారు. ఒకడు తన పేరే పేజీ నిండా కొట్టుకున్నాడట. ఇది అలా చెయ్యలేకపోయింది. అర్థం లేని మాట దాని చేతి నుంచి రాదు. ఫీజుల పెట్టెలో కారు సొట్టల గురించి రాసింది. ఫోన్ నంబరు రావాల్సిన చోట నా గురించి కూడా ఏదో రాసిందట, అదేంటో ఎంత అడిగినా చెప్పడం లేదు. సైటు బయటికి వెళ్లే ముందు అవన్నీ తీసేసి అసలు మాటలు పెట్టింది. ఒక్క పెట్టెలో తప్ప.

అది 'మా గురించి' అన్న పేజీలో పెట్టె.

సైటు తెరిచిన రోజు మాస్టారు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. కారు వెనక అద్దం మీద సైటు పేరు అంటించాడు. బూత్ దగ్గర, మందుల షాపు దగ్గర, కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాడు, మా పిల్ల చేసింది, ఫోన్లో కొట్టి చూడండి అని. కొట్టి చూశారు. ఆయన చెప్పాడు కాబట్టే చూశారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏదోలా ఉంటుంది.

ఆయన దగ్గర కొత్తగా చేరిన బ్యాంకు క్యాషియరమ్మ పాఠం వేళలు చూద్దామని సైటు తెరిచి, వేలు పక్కకి పడి 'మా గురించి'లోకి వెళ్లింది. చదివి, ఫొటో తీసి, వాళ్లాయనకి పంపింది. ఆయన ఇంకెవరికో పంపాడు. సాయంత్రానికి నేను ఇస్త్రీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే అది ఇస్త్రీ అతని ఫోన్లోకి వచ్చింది. కళ్లజోడు తెచ్చుకోలేదు, చదివి పెట్టవయ్యా అని నేనే అడిగాను. అతను అందరికీ వినబడేలా చదివాడు.

"మా మావయ్య ఊరందరికీ కారు నేర్పుతాడు. తను మాత్రం స్టీరింగ్ ముందు కూర్చోడు. అత్త పోయినప్పటి నుంచి పక్క సీటే ఆయన చోటు. అక్కడ కాళ్ల దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా బల్ల కింద ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. ఆగాల్సింది ఏదో ఇంకా ఆగలేదన్నట్టు."

రెండో మాట దగ్గరే నవ్వు మొదలైంది. మొదలుపెట్టింది నేనే. స్టీరింగ్ ముందు కూర్చోని డ్రైవింగ్ మాస్టారేంటి అని పక్కనున్నామె భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వాను. బల్ల కింద కాలు దగ్గరికి వచ్చేసరికి ఎవరం నవ్వడం లేదు. ఇస్త్రీ అతను ఫోన్ బోర్లా పెట్టేశాడు. నా చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది, దాన్ని ఎలా తియ్యాలో తెలియలేదు. ఎవరి బట్టలు వాళ్లం తీసుకుని, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఇళ్లకి పోయాం.

మాస్టారికి తెలిసింది ఆ క్యాషియరమ్మ వల్లే. మంచి మనిషే, మంచితనంతోనే ఫోన్ చేసింది. పాపం మాస్టారూ, మాకు తెలియదండి, మీ మనసులో ఇంత ఉందని తెలిస్తే నేను గేరు మార్చేటప్పుడు అన్నిసార్లు అరిచేదాన్ని కాదు అందట. ఏం తెలియదు, ఎవరు చెప్పారు అని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది.

పిల్ల అప్పటికే పేజీ తీసేసింది, కానీ ఫోన్లలో ఫొటోలు ఉండిపోయాయి. మాస్టారికి చిన్న అక్షరాలు ఆనవు. ఏం రాశావో చదువు అన్నాడట. ఇది ఆయన ఎదురుగా నిలబడి, తను రాసింది తనే పైకి చదివింది. బల్ల కింద కాలు దగ్గర ఆగింది. ఆపేశావేం, చదువు అన్నాడట. చదివింది. ఆయన గోడ మీద కాగితాల వైపు చూసి, ఇది ఎలా వచ్చింది అందులోకి అని అడిగాడు. ఉత్తుత్తి మాటలు నింపే పద్ధతి ఉంటుందని ఇది చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పూర్తిగా విననే లేదు.

"అయితే అచ్చుతప్పన్నమాట" అన్నాడట.

ఇది తల వంచుకుంది. ఆయన అవుననే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున జరిగింది మాత్రం నేను కళ్లారా చూశాను. పాల బూత్ ముందు మేమంతా లైన్లో ఉన్నాం. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు కారుని రోడ్డు పక్కన రెండు స్కూటర్ల మధ్య పెట్టలేక ముందుకీ వెనక్కీ ఊగిస్తున్నాడు. మాస్టారు పక్క సీట్లో కూర్చుని ఎప్పటిలాగే చెప్తున్నాడు. ఆ కుర్రాడు బండి ఆపి, అద్దం దించి, మా అందరికీ వినబడేలా అన్నాడు.

"నావల్ల కావట్లేదు మాస్టారూ. ఒక్కసారి మీరే కూర్చుని చూపించండి."

వాడు వేళాకోళానికే అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. మాస్టారు కారు దిగాడు. ముందు నుంచి చుట్టూ తిరిగి స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి వచ్చాడు. కుర్రాడు దిగి పక్కకి జరిగాడు. మాస్టారు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అలాగే నిలబడ్డాడు. బూత్ అతను ఎవరి గిన్నెలోనో పాలు పొంగి పొర్లేదాకా పోస్తూనే ఉన్నాడు. వెనకొచ్చిన బస్సు హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. మాస్టారు పిడి మీద నుంచి చెయ్యి తీసి, చొక్కాకి తుడుచుకుని, రేపు చూద్దాంలే బాబూ అని, కారుని రోడ్డు మధ్యలోనే వదిలేసి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

కాసేపటికి పిల్ల వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మా ముందు నుంచే తల ఎత్తకుండా వెళ్లి కారు ఎక్కింది. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒక్కసారికే తిప్పి, ఇంటి దాకా తీసుకెళ్లి, గేటు లోపల పెట్టి, దాని మీద గుడ్డ కప్పేసింది. ఆ గుడ్డ చాలా రోజులు తియ్యలేదు.

మాస్టారు మాత్రం పిల్లని ఎవరి నోటా పడనివ్వలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెప్పాడు. అచ్చుతప్పండి, చిన్నపిల్ల, చూసుకోలేదు, కంప్యూటర్ పనిలో అలా ఏదో ఒకటి నింపుతారట అని. జనం మెత్తబడ్డారు. పాపం పిల్ల, ఎంత బాధపడుతోందో అన్నారు. అచ్చుతప్పే అచ్చుతప్పు చేసిందని ఒకరిద్దరు జోకులు కూడా వేశారు. కంప్యూటర్ మాస్టారు సెంటర్లో ఈ ఉదాహరణే చెప్పి, పైకి ఎక్కించే ముందు ప్రతి పెట్టెనీ చూసుకోవాలని పిల్లలకి బుద్ధి చెప్పాడట. ఇది వెనక వరసలో కూర్చుని వింది. మా కోడలైతే వెళ్లి దాని తల నిమిరి వచ్చింది. అప్పట్లో తిట్టినవాళ్లు ఒక్కరూ లేరు, ఈ పంతం కబుర్లన్నీ తర్వాత పుట్టినవే.

అయినా అది రోజురోజుకీ చిక్కిపోయింది. వీధి ముందు నుంచి రావడం మానేసి వెనక సందులోంచి వచ్చేది. సైటు మొత్తం తీసేసింది, కారు అద్దం మీద పేరు గోకేసింది. గోడ మీద కాగితాలు ఊడబీకి చుట్టగా చుట్టి మంచం కింద పడేసింది. రాయడం క్లాసుకి వెళ్లడం మానేసింది. మా బూత్ అతను కొత్త బోర్డులో పెరుగు అన్న మాటకి కొమ్ము మింగేస్తే, దాని ముందు నుంచే వెళ్లి ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఒక మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికి వచ్చాడు. ఊరికే వచ్చే మనిషి కాదు. నీళ్లు తాగాడు, మా ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు. చివరికి అసలు మాట అన్నాడు.

"అక్కయ్యా, నేను చెప్తే వినడం లేదు. నువ్వు చెప్పు. క్లాసు మానొద్దని చెప్పు. నేను ఏమీ అనుకోలేదు, మర్చిపోయానని చెప్పు."

"మర్చిపోయావా మరి?"

ఆయన పాదాల వైపు చూసుకున్నాడు. అప్పుడు గమనించాను. కుర్చీలో కుడికాలు మడిచి, దాని మీద కూర్చుని ఉన్నాడు. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా అలా కూర్చోగా చూడలేదు. నాలాంటి దానికి ఇక చెప్పాలా. ఇంట్లో బల్ల దగ్గర కూడా అంతేనా అని అడిగేశాను. సిగ్గుపడిపోయాడు. ఆ పిల్ల కంట పడకూడదని అక్కయ్యా, చూస్తే మళ్లీ బాధపడుతుంది అన్నాడు. కాలు తిమ్మిరెక్కి, లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచాడు.

ఆయన వెళ్లాక నాకు పని మీద మనసు పోలేదు. ఒకే ముక్క లోపల గుచ్చుతోంది. ఈ పిల్ల నడుస్తున్న బస్సులోంచి దీర్ఘం లేదని పట్టుకుంది కదా. ఫీజుల పెట్టె చూసుకుంది, ఫోన్ నంబరు పెట్టె చూసుకుంది, నా గురించి రాసింది తీసెయ్యడం గుర్తుంది. మరి ఆ ఒక్క పెట్టె ఎలా కనబడలేదు? వీధంతా క్షమించేసిన తప్పుకి ఇది ఇంతలా ఎందుకు కుంగిపోతోంది?

అడక్కుండా ఉండటం నాకు చేతకాదు. అప్పడాల గిన్నె ఒకటి తిరిగి ఇవ్వాలన్న వంకతో వెళ్లాను. పిల్ల పెరట్లో ఉంది. కారు మీద గుడ్డ సగం తీసి, తలుపులు బార్లా తెరిచి, లోపల సీట్లు తుడుస్తోంది. మోకాళ్లు నొప్పి అని చెప్పి నేను దగ్గరున్న సీట్లో కూలబడ్డాను. తీరా చూస్తే అది స్టీరింగ్ ముందు సీటు. జన్మలో ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. స్టీరింగ్ పట్టుకుని చూశాను, గట్టిగా ఉంది.

"ఇది ఎటైనా పోతుందేమోనే" అన్నాను.

"తాళం లేదు పెద్దమ్మా, ఎటూ పోదు" అంది. తుడిచే గుడ్డ పట్టుకునే చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కాళ్లు ఆ రెండో బ్రేకుకి తగలకుండా దగ్గరికి లాక్కుంది.

మాస్టారు చెప్పమన్నది చెప్పాను. ఏమీ అనుకోలేదన్నాడు, క్లాసుకి వెళ్లమన్నాడు అని. మర్చిపోయాడన్న మాట మాత్రం నేను చెప్పలేదు. నోరు రాలేదు.

"మావయ్య కాలు మడుచుకుని తింటున్నాడు పెద్దమ్మా" అంది. "నాకు తెలియదనుకుంటున్నాడు. నేను రాసిన ఆ మాట ఇప్పుడు అబద్ధమైపోయింది. నేనే చేశాను."

ఎవరూ నిన్నేమీ అనడం లేదు కదే అన్నాను. కాలేజీలో కూడా అచ్చుతప్పనే అంటున్నారు, అందుకే క్లాసుకి వెళ్లడం లేదు అంది. గుడ్డని మడతలు పెడుతోంది, విప్పుతోంది. ఇంకో మనిషైతే అక్కడితో ఊరుకునేది. నేను దాని చేతిలో గుడ్డ లాగేసుకున్నాను.

"ఇటు చూడు. బస్సులోంచి ఇస్త్రీ కొట్టు దీర్ఘం కనబడింది నీకు. నీ సొంత పేజీలో ఆ నాలుగు మాటలూ కనబడలేదా? నిజం చెప్పు. చూసుకోలేదా?"

అది ముందు అద్దంలోంచి గోడ వైపు చూసింది. ఏడవలేదు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"చూశాను పెద్దమ్మా. పైకి ఎక్కించే ముందు దాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. మావయ్యకి ఇచ్చిన మాట గుర్తుంది, ఎవరైనా చూస్తారని కూడా తెలుసు. తీసేద్దామని మీట మీద వేలు పెట్టాను. అంత బాగా నాకెప్పుడూ కుదరలేదు. చేతులు రాలేదు."